పాతబడ్డ గుర్రాల కంచెను బాగుచేసుకోవడం ఎలా: గుంజ మొదలు నుంచి గేటు గడియ దాకా

ఎండకు ఎండి, వానకు నాని, బూడిదరంగుకు తిరిగిన కర్ర కంచెను చూడగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది రంగు డబ్బానే. ఒక్క కోటింగ్ వేస్తే కొత్తదైపోతుందనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించి ఒక ఏడు కంచె పొడవునా రంగు వేయించాను. అది ఆరి మూడు వారాలు కాలేదు, మా ఆడగుర్రం ఒకటి తోక మొదట్లో దురద పుట్టి పై పట్టెకు పిర్ర ఆనించి రుద్దుకుంటుంటే గుంజ నేలమట్టానికి ఫెళ్లున విరిగింది. గుర్రం తూలి నిలదొక్కుకుంది గానీ, ఊడిన పట్టెలోంచి పైకి తేలిన మేకు దాని వెనక కాలి మీద జానెడు పొడవున చర్మం చీల్చింది. ఆ విరిగిన గుంజను చేతిలోకి తీసుకుని చూశాను. పైభాగమంతా ఇనుములా ఉంది, కొత్త రంగు నిగనిగలాడుతోంది. నేలలోకి దిగే చోట, బెత్తెడు మేర మాత్రం, లోపలంతా గోధుమరంగు పొడి. వేళ్లతో నలిపితే జలజలా రాలింది.

అందుకని ఇక్కడ రంగు సంగతి చివర వస్తుంది. ముందు గుంజలు, తర్వాత పట్టెలు, ఆ తర్వాత గేటు, అన్నీ అయ్యాక పూత. ఈ వరస తప్పితే డబ్బూ శ్రమా వృథా అవడం ఒక ఎత్తు, పాడైన చోటు రంగు కింద కనపడకుండా పోవడం ఇంకో ఎత్తు. రెండోదే ఎక్కువ ప్రమాదం.

బూడిదరంగు జబ్బు కాదు

పని మొదలుపెట్టే ముందు ఒక విషయం తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది. కర్ర బూడిదరంగుకు తిరగడమూ కర్ర పుచ్చడమూ రెండూ వేర్వేరు. కర్రలో పీచును పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని ఎండలోని అతినీలలోహిత కిరణాలు విడగొడతాయి, వాన దాన్ని కడిగేస్తుంది, మిగిలిన పీచు బూడిదరంగులో కనిపిస్తుంది. ఇదంతా పైపొరలోనే జరుగుతుంది. మెత్తకర్ర ఇలా అరగడం వందేళ్లకు ఇంచుమించు 6 మిల్లీమీటర్లు. కాబట్టి మీ పట్టెలు బూడిదరంగులో ఉన్నంత మాత్రాన వాటిని పీకేయాల్సిన పని లేదు.

పుచ్చు అలా కాదు. అది బూజు జాతి చేసే పని, దానికి తేమా గాలీ రెండూ కావాలి. కర్రలో తేమ 20 శాతం లోపు ఉంటే పుచ్చు పట్టదు. గుంజ పైభాగం వాన పడినా ఆరిపోతుంది, బాగా లోతున ఉన్న భాగానికి గాలి సరిగా అందదు, ఈ రెండింటి మధ్య నేలమట్టం దగ్గర ఒక బెత్తెడు మేర మాత్రం తేమా గాలీ రెండూ ఏడాది పొడవునా దొరుకుతాయి. కంచె చచ్చేది అక్కడే. రెండో బలహీనత మేకుల దగ్గర: కర్ర తడిసి ఉబ్బుతుంది, ఎండి కుదించుకుపోతుంది, ఇలా వందసార్లు జరిగేసరికి మేకు పట్టు వదిలి కొద్దికొద్దిగా పైకి జరుగుతుంది, తుప్పు దాని చుట్టూ కర్రను నల్లగా తినేస్తుంది.

మొదటి పని: కంచె చుట్టూ ఒక నడక

సగం పూట కేటాయించండి. చేతిలో పొడవాటి స్క్రూడ్రైవర్, సుత్తి, చిన్న పార, నోటు పుస్తకం, ఎరుపూ పసుపూ గుడ్డపీలికలు, చేతులకు తోలు గ్లౌజులు. గేటు పక్క గుంజను ఒకటో నంబరు అనుకుని సుద్దముక్కతో వరసగా నంబర్లు వేసుకుంటూ వెళ్లండి. నడవాల్సింది కంచె లోపలి వైపు, అంటే గుర్రాలు ఉండే వైపు. బయటి నుంచి చూస్తే మంచిగా కనిపించే పట్టె లోపలి వైపు కొరికి కొరికి సగానికి అరిగి ఉండొచ్చు.

ప్రతి గుంజ దగ్గరా మూడు పనులు చేయండి. ముందు తల భాగాన్ని రెండు చేతులతో పట్టుకుని మీ ఒంటి బరువంతా వేసి ముందుకీ వెనక్కీ ఊపండి; కొంచెం వంగడం సహజం, నేల దగ్గర మట్టి తెరుచుకుంటోందంటే పట్టు పోయినట్టు. తర్వాత నేలకు జానెడు ఎత్తున సుత్తితో కొట్టి వినండి. గట్టి కర్ర ఖణేల్‌మంటుంది, లోపల బోలైపోయింది డబ్‌డబ్‌మని మొద్దుగా మోగుతుంది. మూడోది అసలైనది. గుంజ చుట్టూ మట్టిని ఆరేడు అంగుళాల లోతు తవ్వి, స్క్రూడ్రైవర్ మొనను ఏటవాలుగా కర్రలోకి గుచ్చి పైకి ఎత్తండి. మంచి కర్ర అయితే మొన దిగడానికే మొరాయిస్తుంది, ఎత్తితే పొడవాటి పీచు చిటపటమంటూ లేస్తుంది. పుచ్చిన కర్ర తడి ఇసుకలా మొనను లోపలికి రానిస్తుంది, ఎత్తితే చప్పుడు లేకుండా చిన్న పెళ్ళలా ఊడి వస్తుంది. ఈ తేడా ఒకటి రెండుసార్లు చేతికి తెలిసిందంటే ఇక మీకు ఎవరి సలహా అక్కర్లేదు. నాలుగు వైపులా గుచ్చి చూడండి, ఒక వైపు బాగుండి ఇంకో వైపు పోయిన గుంజలు చాలా ఉంటాయి.

చెదలు ఉన్న నేలైతే గుంజ పొడవునా పాకిన మట్టి గీతల కోసం చూడండి. గీతను గోటితో గీరితే లోపల తెల్ల పురుగులు కదిలితే ఆ గుంజతో పాటు అటూ ఇటూ రెండు గుంజలు కూడా తవ్వి చూడాలి.

పట్టెల విషయం కొంచెం తేలిక. గ్లౌజు వేసుకున్న చేతిని పట్టె పొడవునా జరుపుతూ వెళ్తే పైకి తేలిన మేకులు, లేచిన పేళ్ళు, చీలికలు అన్నీ చేతికే తగులుతాయి. మేకుల దగ్గర మొదలై పట్టె పొడవునా వెళ్లే చీలిక ఉంటే ఆ పట్టె మార్చాల్సిందే. పై అంచు గుండ్రంగా అరిగి, మీద పళ్ల గాట్లు ఉంటే అది కొరికే గుర్రం పని, దాని గురించి కింద మళ్లీ చెప్తాను.

ఈరోజే చేయాల్సిన వాటికి ఎర్ర పీలిక కట్టండి: విరిగేలా ఉన్న గుంజ, పొడుచుకొచ్చిన మేకు, తల ఇరుక్కునే సందు. ఈ సీజన్‌లో చేయాల్సిన వాటికి పసుపు. నడక అయ్యాక పుస్తకం తీసి లెక్క చూడండి. నా లెక్క ఇది: ఒక వరసలో మూడు గుంజల్లో ఒకటి కంటే ఎక్కువ పోయి ఉంటే ఆ వరస మొత్తం కొత్తగా వేయడం మేలు, ఎందుకంటే అన్నీ ఒకే రోజు పాతిన గుంజలే కాబట్టి మిగిలినవీ ఒకటి రెండేళ్లలో అదే దారి పడతాయి. అంతకంటే తక్కువైతే పోయినవి మాత్రమే మార్చుకోవచ్చు.

గుర్రాలను ముందు తప్పించండి

గుర్రాలు ఉన్న దొడ్డిలో కంచె పని చేయకండి. గుర్రానికి కుతూహలం ఎక్కువ, మీ వెనకే వచ్చి డబ్బాలో మూతి పెడుతుంది, మేకుల సంచి తన్నుతుంది, గుంతలో కాలు వేస్తుంది. పక్క దొడ్డి ఉంటే అక్కడికి మార్చండి, లేకపోతే సన్న లోహపు తీగలు అల్లి కరెంటు పారేలా చేసిన వెడల్పాటి కంచె టేపుతో తాత్కాలిక కంచె వేయండి. టేపు తెల్లది తీసుకోండి. గుర్రం కంటికి నీలమూ పసుపూ బాగా తెలుస్తాయి కానీ ఎరుపు, నారింజ పచ్చటి గడ్డిలో కలిసిపోతాయి. బ్రిటన్‌లో గుర్రప్పందేల్లో దూకే కంచెలకు ఉండే నారింజ గుర్తులను 2022 నుంచి తెల్లరంగుకు మార్చడం మొదలుపెట్టింది ఇందుకే. మనం కట్టిన ఎర్ర పీలికలు మనకోసమే, గుర్రం కోసం కాదు. కొత్త చోట మేత ఎక్కువగా వేయండి. ఎదురుగా గడ్డి ఉన్న గుర్రం కంచె మీదికి పోదు.

పాత కంచెలో దాగి ఉండే విషాలు

ఈ భాగం మీద పెద్దగా ఎవరూ ఆగరు, కానీ నేను ఆగమనే చెప్తాను. చాలా పాత కంచె మీద పెచ్చులు లేస్తున్న రంగు ఉంటే అందులో సీసం ఉండే అవకాశం ఉంది. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని 1978లోనే నిషేధించారు, అంటే అంతకుముందు అది మామూలు సంగతి అన్నమాట. సీసం గుర్రం గొంతు నరాలను దెబ్బతీస్తుంది, ఊపిరి తీసేటప్పుడు గురగుర మోత వస్తుంది. అనుమానం ఉంటే ఆ రంగును పొడిగా ఉప్పు కాగితంతో రుద్దకండి, మంటతో కాల్చకండి, పెచ్చులు మేత నేల మీద రాలనివ్వకండి. పట్టెను పట్టెగానే తీసేసి కొత్తది వేయడం నయం.

రెండోది మందు పట్టించిన కర్ర. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపి పట్టించిన పాత గుంజలు చాలా పొలాల్లో ఇప్పటికీ ఉన్నాయి. అమెరికాలో ఇళ్ల చుట్టూ వాడే కర్రకు ఈ మందును 2003 ముగిసేసరికి తయారీదారులే మానుకున్నారు. ఆకుపచ్చ ఛాయ కనిపించే ఏ పాత కర్రనైనా పొయ్యిలో పెట్టకండి, చలిమంట వేయకండి. ఆ బూడిదలో ఆర్సెనిక్ అలాగే మిగులుతుంది, పశువులు బూడిదను నాకుతాయి. నల్లగా జిడ్డుగా, ఘాటు వాసన వేసే క్రియోసోట్ (తారు నుంచి తీసే కర్ర మందు) గుంజలు ఉంటే అవి గుర్రం మూతికి అందకూడదు.

కొందరు చవకగా వస్తుందని పాత ఇంజిన్ ఆయిల్ పూస్తారు. దయచేసి ఆ పని చేయకండి. అది నేలలోకి దిగుతుంది, గుర్రం నాకితే ఒంట్లోకి వెళ్తుంది, పైగా పుచ్చును ఆపనూ ఆపదు.

ఇక ముళ్ల తీగ. పాత కంచెలో ఎక్కడైనా ఒక్క వరస ఉన్నా ఈ పనిలోనే తీసేయండి. ఆవు తీగ తగిలితే ఆగుతుంది, గుర్రం బెదిరితే ఆగదు, ఇరుక్కుంటే గుంజుకుంటుంది. మోకాలి కింద దానికి కండ ఉండదు, చర్మం కిందనే స్నాయువులు, ఎముక. అక్కడ తెగితే నెలల తరబడి మానని గాయమే. గడ్డిలో కూరుకుపోయిన పాత తీగ ముక్కలు కూడా లాగి చుట్టచుట్టి దూరంగా పడేయాలి.

గుంజలు మార్చడం

ఎక్కువ కష్టమూ, ఎక్కువ ఫలితమూ ఇక్కడే ఉంది. పాత గుంజకు ముందు పట్టెలు విప్పండి, మేకులు వెంటనే ఒక డబ్బాలో వేయండి, నేల మీద పెట్టొద్దు. గుంజ మొదట్లో గొలుసు రెండు చుట్లు చుట్టి, పక్కన దుంగ పెట్టి దాని మీద పొడవాటి గునపం ఆనించి ఎత్తితే చాలా గుంజలు పైకి వచ్చేస్తాయి. నేల తడిగా ఉన్నప్పుడు ఈ పని సగం శ్రమతో అవుతుంది. మొదలు విరిగి లోపలే ఉండిపోతే దాన్ని తవ్వడానికి గంటలు పోసే బదులు, అడుగు పక్కకు జరిపి కొత్త గుంత తీయొచ్చు, పట్టె పొడవు సరిపోతుందో లేదో మాత్రం ముందే కొలుచుకోండి. పుచ్చిన ముక్క తీసేసిన పాత గుంతను మట్టితో నింపి గట్టిగా తొక్కేయండి, గుర్రం కాలు దిగితే ఎముక విరుగుతుంది.

కొలతలు చెప్తాను. గుర్రాలకు కంచె ఎత్తు నాలుగున్నర నుంచి 5 అడుగులు ఉండాలి, స్టాలియన్ (విత్తులు కొట్టని మగగుర్రం) ఉంటే 6 అడుగుల దాకా. గుంజ మొత్తం పొడవులో ఇంచుమించు మూడో వంతు నేలలో ఉండాలి, అంటే 5 అడుగుల కంచెకు 8 అడుగుల గుంజ, మూడు అడుగులు లోపల. మందం నాలుగైదు అంగుళాలు, మూలల్లోనూ గేటు దగ్గరా ఆరు నుంచి ఎనిమిది. గుంజకూ గుంజకూ మధ్య 8 అడుగులు. చేవ ఎక్కువున్న కర్ర, లేదా లోపలి దాకా మందు పట్టించిన కర్ర తీసుకోండి. పైపైన మందు పూసింది కాదు. కర్ర కొనేముందు కోసిన కొస చూస్తే తెలిసిపోతుంది, మందు రంగు అంచునే ఉందా, లోపలికీ వెళ్ళిందా అని.

గుంత అడుగున ఆరంగుళాల మందాన కంకర పోయండి, దాని మీద గుంజ నిలబెట్టండి, లావు కొస కిందికి. ఇప్పుడు వరసలో రెండు చివరి గుంజల మధ్య పురికొస బిగించి కట్టి, దానికి తగిలీ తగలనట్టు గుంజను నిలిపి, రసమట్టం రెండు వైపులా పెట్టి చూడండి. మట్టి ఒకేసారి పోసి పైన తొక్కితే అది బిగియదు. ఆరంగుళాలు పోయడం, దిమ్మిసతో చుట్టూ కొట్టడం, మళ్లీ ఆరంగుళాలు, మళ్లీ కొట్టడం. సరిగ్గా కొడితే తవ్విన మట్టి అంతా దాదాపు గుంతలోకే తిరిగి వెళ్తుంది. మిగిలిన మట్టి చాలా ఉందంటే సరిగా కొట్టలేదని. చివరికి మొదలు చుట్టూ మట్టి చిన్న గుట్టలా, నీళ్ళు బయటికి జారేలా పెట్టండి. గుంజ తలను ఏటవాలుగా కోసి, కోసిన చోట కర్రకు పట్టించే మందు బాగా పూయండి.

సిమెంటు వేయాలా అని అడుగుతారు. గేటు గుంజలకు వేయొచ్చు. కానీ గుంజ అడుగున సిమెంటు గిన్నెలా కట్టేస్తే నీళ్ళు దాంట్లో నిలిచి పుచ్చు ఇంకా త్వరగా పడుతుంది. అడుగున కంకర మీద కర్ర నేరుగా ఆనాలి, సిమెంటు చుట్టూ మాత్రమే ఉండాలి, పైన బయటికి వాలు ఉండాలి. మామూలు వరస గుంజలకు నా ఓటు మట్టికీ కంకరకే. యంత్రంతో నేరుగా నేలలోకి దిగగొట్టే వీలుంటే అది ఇంకా గట్టిది, చుట్టూ మట్టి కదలదు కాబట్టి.

మూల గుంజలకు ఊతం తప్పనిసరి, తీగ ఉన్న కంచెలో మరీ. మూల గుంజకూ దాని పక్క గుంజకూ మధ్య పైన ఒక అడ్డకర్ర బిగించి, ఏటవాలుగా తీగ లాగి మెలితిప్పితే లాగుడు మొత్తం అదే తీసుకుంటుంది. కొత్తగా వేస్తున్న చోట కోసుగా ఉండే మూలలు పెట్టకండి. మందలో బలహీనమైన గుర్రాన్ని బలమైనది తరుముకొచ్చి అక్కడే ఇరికిస్తుంది, తప్పించుకునే దారి లేక అది కంచె మీద పడుతుంది. ఇప్పటికే అలాంటి మూల ఉంటే దాన్ని అడ్డంగా పట్టెలతో మూసి గుండ్రంగా తిప్పండి, ఆ కాస్త నేల పోయినా ఫర్వాలేదు.

పట్టెలు

పట్టెలు గుర్రం ఉండే వైపే బిగించాలి. 450, 500 కిలోల జంతువు ఆనుకున్నప్పుడు పట్టె గుంజకు అదుముకోవాలి గానీ మేకులతో సహా బయటికి ఊడిపోకూడదు. చూడ్డానికి బాగుంటుందని బయటి వైపు కొట్టిన కంచెలు ఎన్నో చూశాను, వాటిలో ఊడని పట్టె లేదు.

16 అడుగుల పట్టె అయితే మూడు గుంజల మీద కూర్చుంటుంది, చివర్లు గుంజ మధ్యలో కలవాలి. పై పట్టె, మధ్య పట్టె, కింది పట్టె అన్నీ ఒకే గుంజ మీద అతకకండి, ఒక వరస అతుకు ఒక గుంజ మీద, కింది వరసది పక్క గుంజ మీద వచ్చేలా మార్చి వేయండి. అతుకులన్నీ ఒకే చోట పడిన గుంజ దెబ్బ తగిలితే తలుపులా తెరుచుకుంటుంది. కింది పట్టెకూ నేలకూ మధ్య 8 నుంచి 12 అంగుళాలు వదలండి. కింద పొర్లిన గుర్రం కాలు పట్టె కిందికి వెళ్లినా తిరిగి తీసుకోగలగాలి. గుర్రప్పిల్లలు ఉన్న దొడ్డికి మాత్రం పట్టెల మీద లోపలి వైపు 2 అంగుళాలు బై 4 అంగుళాల గళ్ల జాలీ బిగిస్తే మంచిది, డెక్క ఆ గడిలో పట్టదు.

మేకులు హాట్ డిప్ గాల్వనైజ్డ్‌వే (కరిగిన జింకులో ముంచి తీసినవి) తీసుకోండి, చుట్టూ గీతలున్న రకం. కర్ర ఉబ్బి కుదించుకున్నా అవి పైకి జరగవు. మేకు గుంజలోకి కనీసం ఒకటిన్నర అంగుళం దిగాలి. పట్టె చివర కొట్టేముందు చిన్న రంధ్రం వేసుకుంటే చీలదు. పాత మంచి పట్టెలను మళ్లీ వాడుతుంటే పాత రంధ్రంలోనే మేకు కొట్టకండి, రెండు అంగుళాలు జరపండి.

గేటు

గేటు వంగిందంటే చాలామంది గేటును తప్పుపడతారు, పదిలో తొమ్మిదిసార్లు వంగింది గేటు గుంజ. ముందు గుంజ నిటారుగా ఉందో లేదో రసమట్టంతో చూడండి. గుంజ సరిగా ఉండి గేటే జారితే ఊతకర్ర దిశ చూడండి: కర్ర ఊతమైతే కీళ్ల వైపు కింది మూల నుంచి గడియ వైపు పై మూలకు వెళ్లాలి, ఎందుకంటే అది బరువును కిందికి తోసి మోస్తుంది. తీగ లేదా గొలుసు ఊతమైతే సరిగ్గా తిరగేసి, కీళ్ల వైపు పై మూల నుంచి గడియ వైపు కింది మూలకు, అది లాగి మోస్తుంది.

కీళ్ల సూదుల్లో ఒకటి పైకి, ఒకటి కిందికి చూసేలా బిగించండి. రెండూ పైకే ఉంటే గుర్రం గేటు కింద మెడ పెట్టి ఎత్తితే గేటు చేతికొచ్చేస్తుంది. గడియ సంగతి మరీ జాగ్రత్త. పెదవులతో గొళ్లెం తీయడం నేర్చిన గుర్రం ఒక్కటి ఉంటే చాలు, మంద మొత్తం రోడ్డు మీద ఉంటుంది. గడియకు తోడు కొక్కెం ఉన్న గొలుసు ఒకటి పెట్టండి, అదీ గుర్రం మూతి అందని వైపు. గేటుకూ గుంజకూ మధ్య సందు తల పట్టేంతగా గానీ డెక్క ఇరుక్కునేంతగా గానీ ఉండకూడదు.

పైన ఒక ఎలక్ట్రిక్ తీగ

కర్ర కంచె ఆయుష్షును పెంచే ఒకే ఒక్క పని చెప్పమంటే ఇదే చెప్తాను. పై పట్టెకు లోపలి వైపు ఇన్సులేటర్లు బిగించి ఒక వరస టేపు లేదా లావు తాడు రకం తీగ లాగి కంచెకు షాక్ పంపే యంత్రానికి కలిపితే గుర్రాలు ఆనుకోవడం, రుద్దుకోవడం, కొరకడం మూడూ ఆగిపోతాయి. దూరపు చివర టెస్టర్ పెడితే కనీసం రెండు మూడు వేల వోల్టులు చూపించాలి. చూపించకపోతే ముందు తీగను కాదు ఎర్త్‌ను అనుమానించండి. మామూలుగా ఆరడుగుల ఎర్త్ కడ్డీలు మూడు, ఒకదానికొకటి 10 అడుగుల దూరంలో, తేమ ఉండే చోట దించాలి. నేల ఎండిపోతే షాక్ తగ్గుతుంది, అందుకే ఎండాకాలంలో కడ్డీల దగ్గర నీళ్ళు పోస్తారు. తీగకు తగిలే గడ్డి కూడా కరెంటును నేలకు పంపేస్తుంది, కోస్తూ ఉండాలి. ముళ్ల తీగకు మాత్రం ఎప్పుడూ కరెంటు ఇవ్వొద్దు.

ఇప్పుడు పూత

కర్ర మీద నాచు, దుమ్ము, లేచిన పీచు ఉంటే గట్టి బ్రష్‌తో నీళ్ళు కొడుతూ రుద్దండి. ప్రెషర్ వాషర్ వాడొచ్చు కానీ ఒత్తిడి తగ్గించి, మూర దూరం నుంచి, పీచు వెంబడి కొట్టాలి, లేదంటే మెత్తటి కర్రను చాళ్లు చాళ్లుగా తోడేస్తుంది. తర్వాత ఆరనివ్వండి. ఆరిందా లేదా అనేదానికి చిన్న పరీక్ష: నాలుగు చుక్కల నీళ్ళు చల్లండి, ఒకటి రెండు నిమిషాల్లో పీల్చుకుంటే పూతకు సిద్ధం, ముత్యాల్లా నిలబడితే ఇంకా ఆగాలి. కొత్తగా మందు పట్టించి వచ్చిన కర్ర కొన్నిసార్లు వారాల తరబడి ఇలా తడిగానే ఉంటుంది, తొందరపడి పూస్తే పొరలుగా ఊడుతుంది.

పెయింటా, స్టెయినా? పెయింట్ పైన పొరలా ఉంటుంది, ఒక్క చోట పగిలితే నీళ్ళు లోపలికి పోయి బయటికి రాలేవు, మళ్లీ పూయాలంటే పాతది గీకాలి. స్టెయిన్ కర్రలోకి ఇంకుతుంది, పలచబడుతుంది గానీ పెచ్చులు లేవదు, మళ్లీ పూయడానికి కడిగితే చాలు. నేను స్టెయిన్ వైపే. ఆరాక పశువులకు హాని లేదని డబ్బా మీద రాసి ఉన్నదే కొనండి. మిట్టమధ్యాహ్నం ఎండలో పూయకండి, ఇంకకముందే పైనే ఎండిపోతుంది. పట్టెల కోసిన చివర్లు నీళ్ళను గొట్టాల్లా పీలుస్తాయి, కాబట్టి మధ్య భాగం ఒకసారి పూస్తే చివర్లు రెండు మూడుసార్లు తాగినంత తాగించండి. పూత పూర్తిగా ఆరి వాసన పోయేదాకా గుర్రాలను రానివ్వొద్దు.

మేకుల వేట

పని అయిపోయిందని పనిముట్లు సర్దేశాక ఇంకో రెండు గంటలు మిగిలే ఉన్నాయి. చక్రాలున్న మాగ్నెట్ దొరికితే అద్దెకు తెచ్చి, లేకపోతే ఏదైనా బలమైన అయస్కాంతాన్ని తాడుకు కట్టి, కంచె వెంబడి ఆరడుగుల వెడల్పున రెండు దిశల్లో లాగండి. ధనుర్వాతం తేలిగ్గా సోకే జంతువుల్లో గుర్రం ముందుంటుంది, ఆ క్రిములు మట్టిలోనూ పేడలోనూ ఉంటాయి, డెక్కలో దిగిన ఒక పాత మేకు చాలు. గుర్రాలకు ఆ టీకా ఎప్పుడు వేయించారో ఈ పని మొదలుపెట్టకముందే చూసుకోండి. ఎప్పుడైనా డెక్కలో మేకు కనపడితే ఆత్రంగా పీకేయకండి. గుర్రం దాని మీద అడుగేసి ఇంకా లోపలికి దించుకునే పరిస్థితి లేకపోతే, డాక్టరు వచ్చి ఎక్స్‌రే తీసేదాకా అలాగే ఉంచితే అది ఎంత లోతున ఏ దిశలో దిగిందో తెలుస్తుంది.

గుర్రాలను తిరిగి తీసుకురావడం

పగటిపూట, తాడు కట్టి, ఒక్కొక్కదాన్నీ కంచె చుట్టూ నడిపించండి. తెలిసిన దొడ్డే కదా అని వదిలేయొద్దు, గేటు మారి ఉంటుంది, మూల మారి ఉంటుంది, కొత్త తీగ వచ్చి ఉంటుంది. మందలో నెమ్మదైన గుర్రాన్ని ముందు వదలండి, దుడుకుది చివర. మొదటి గంట అక్కడే నిలబడి చూడండి.

కొరికే గుర్రం గురించి చెప్తానన్నాను. కర్ర నమిలే గుర్రాలకు చాలాసార్లు గడ్డి చాలక, పీచు మేత చాలక ఆ అలవాటు వస్తుంది, రోజంతా ఒంటరిగా నిలబెట్టినా వస్తుంది. పట్టెకు కారం పూసి ఊరుకుంటే అది పక్క పట్టెకు వెళ్తుంది. మేత పెంచి, తోడు ఇచ్చి, పైన ఎలక్ట్రిక్ తీగ వేస్తే చాలావరకు తగ్గుతుంది. పళ్ళు పట్టెకు ఆనించి గాలి మింగుతూ గుటకలు వేసే అలవాటు వేరే సంగతి, దానికి పశువైద్యుణ్ణి అడగాలి.

ఆ తర్వాత చూసుకోవాల్సింది కొంచెమే. గుంజల మొదళ్లలో పేడా ఆకులూ మట్టీ పేరుకోనివ్వకండి, నేలమట్టం పైకి జరిగితే పుచ్చు కూడా పైకి జరుగుతుంది. కంచె వెంట గన్నేరు ఉంటే వేళ్లతో సహా తీసేయండి, ఎండిన ఆకులు కొద్దిగా తిన్నా గుర్రం చచ్చిపోతుంది. ఏడాదికి రెండుసార్లు, వానలు మొదలయ్యే ముందూ ముగిశాకా, ఆ నంబర్ల పుస్తకం పట్టుకుని మళ్లీ నడవండి. పెద్ద గాలివాన తర్వాత పుస్తకం లేకుండానైనా ఒక చుట్టు తిరగండి. నా స్క్రూడ్రైవర్ గేటు గుంజకు కొట్టిన తోలు పట్టీలో ఎప్పుడూ ఉంటుంది, వెళ్తూ వస్తూ ఒక గుంజ మొదలు గుచ్చి చూస్తాను. మొన్న 31వ నంబరు మొన లోపలికి కొద్దిగా రానిచ్చింది, దానికి పసుపు పీలిక కట్టాను.